ఎన్ని దేశాలు 'కవర్' చేశామన్నది కాదు లెక్క

సంక్రాంతి సంబరాల దగ్గరో, ఎవరింట్లోనైనా వ్రతం అయ్యాక భోజనాల దగ్గరో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే కాసేపటికి మాట సెలవుల మీదికి మళ్లుతుంది. 'యూరప్ వెళ్లొచ్చారట కదా, ఎన్ని దేశాలు కవర్ చేశారు?' అని ఒకరు అడుగుతారు. 'తొమ్మిది రోజుల్లో ఆరు' అని జవాబు వస్తుంది. 'మేం పది రోజుల్లో ఎనిమిది చూశాం' అని పక్కనున్నాయన అందుకుంటారు. ఈ 'కవర్ చేయడం' అనే మాట మనకు ఎంసెట్ సిలబస్ రోజుల నుంచీ అలవాటు. అప్పుడు చాప్టర్లు, ఇప్పుడు దేశాలు. రెండింట్లోనూ తొందరే తప్ప రుచి లేదు.

పెళ్లికాని కుర్రాళ్లకూ, కొత్త దంపతులకూ ఈ పరుగు సరదాగానే ఉండొచ్చు. కానీ విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబం విహారయాత్ర అంటే మామూలుగా ముగ్గురు తరాల ప్రయాణం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, బడికి వెళ్లే పిల్లలు, మధ్యలో ల్యాప్‌టాప్ పక్కన పెట్టి వచ్చిన మనం. ఇలాంటి కుటుంబం ఒకే ఒక్క చారిత్రక నగరాన్ని ఎంచుకుని, అక్కడే ఐదారు రోజులు ఉండాలన్నది నా అభిప్రాయం. ఆ ప్రణాళిక కూడా ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి వేయాలి. ఇలా చేస్తే చూసేవి తగ్గుతాయి. కానీ చూసిన వాటి గురించి ఇంట్లో పదేళ్ల పాటు మాట్లాడుకోవచ్చు.

ముందు కాగితం మీద లెక్క వేద్దాం. తొమ్మిది రోజులు, ఆరు దేశాలు అంటే ఊరు మారడం ఐదుసార్లు. మారిన ప్రతిసారీ పొద్దున్నే సూట్‌కేసులు సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషన్‌కో బస్సుకో పరుగెత్తాలి, అవతల దిగాక గది ఇచ్చేదాకా లాబీలో కూర్చోవాలి. ఒక్కోదానికి సగం రోజు వేసుకున్నా రెండున్నర రోజులు పోయాయి. వెళ్లే రోజు, వచ్చే రోజు తీసేస్తే మిగిలేవి నాలుగున్నర రోజులు. వాటిని ఆరు దేశాలకు పంచితే ఒక్కో దేశానికి ముప్పావు రోజు. అందులో భోజనాలు, క్యూలు, టాయిలెట్ వెతుకులాట పోగా ఒక ఫొటోకు సరిపడా సమయం మిగులుతుంది.

ఇందులో ఎక్కువ నలిగిపోయేది పెద్దవాళ్లు. మోకాళ్ల నొప్పి ఉందని అమ్మ చెప్పదు. 'నేనిక్కడ కూర్చుంటాలే, మీరు చూసి రండి' అంటుంది. నాన్నగారు బస్సులో వెనక సీట్లో నిద్రపోతారు. మనవళ్లు ఫోన్లలో ఉంటారు. మనం మ్యాప్ చూస్తూ, టైం చూస్తూ అందరినీ తరుముతుంటాం. తిరిగొచ్చాక 'ఏం చూశారమ్మా?' అని ఊళ్లో పిన్ని ఫోన్ చేసి అడిగితే 'బాగుంది, అన్నీ చూపించారు' అని అమ్మ చెబుతుంది. ఏది ఏ ఊళ్లో చూసిందో మాత్రం ఆమెకు గుర్తుండదు. తప్పు ఆమె జ్ఞాపకశక్తిది కాదు, మనం వేసిన ప్లాన్‌ది.

దీనికి మనవాళ్లు చెప్పే జవాబు నాకు తెలుసు. 'అమ్మానాన్న మళ్లీ వస్తారో రారో, ఇంత ఖర్చు పెట్టి వీసా తీశాం, ఒక్కసారే అన్నీ చూపిద్దామని.' ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. బస్సు ప్యాకేజీల్లో రాత్రికి పప్పూ అన్నం దొరుకుతుంది, తోటి తెలుగువాళ్లు తోడుంటారు, పెద్దవాళ్లకు అదే హాయి అనే మాటలోనూ నిజం ఉంది. కొందరు పెద్దలకు ఈఫిల్ టవర్ దగ్గర ఒక ఫొటో ఉంటే చాలు, అది వాళ్ల ఇష్టం. కాబట్టి ముందు వాళ్లనే అడగండి. మన ఇళ్లలో జరగనిది ఇదే. టికెట్లన్నీ బుక్ చేశాక 'సర్‌ప్రైజ్' అని చెబుతాం. 'ఎంతసేపు నడవగలవు నాన్నా? ఏం చూడాలనుంది?' అని మూడు నెలల ముందు అడిగే ఇళ్లు తక్కువ. మళ్లీ రాలేకపోవచ్చు అన్నదే మన భయమైతే, ఆ ఒక్క ప్రయాణం గుర్తుండేలా ఉండాలన్నది కూడా అదే భయం చెప్పే మాట.

రోమ్‌తో మనకున్న పాత లెక్క

ఉదాహరణకు రోమ్ నగరాన్నే తీసుకుంటాను. లండన్ నుంచి విమానంలో సుమారు రెండున్నర గంటలు. అమెరికా నుంచి ఇండియా వెళ్లేవారు కూడా దారిలో దిగి చూసే ఊరు. ఇంకో కారణం, రోమ్‌కూ తెలుగు నేలకూ దాదాపు 2,000 ఏళ్ల కిందటి వ్యాపార సంబంధం ఉంది. ఇది మన పెద్దలకూ పిల్లలకూ సమానంగా ఆసక్తి కలిగించే విషయం.

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన సముద్ర మార్గదర్శిని 'పెరిప్లస్'లో మసాలియా అనే తీరప్రాంతం ప్రస్తావన ఉంది. అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా తయారవుతాయని అందులో ఉంది. తర్వాతి శతాబ్దంలో భూగోళ శాస్త్రవేత్త టాలెమీ దాన్నే మైసోలియా అన్నాడు. కృష్ణా డెల్టా, మచిలీపట్నం చుట్టుపక్కల ప్రాంతమే ఇది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ సొమ్మును లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ సొమ్ములో కొంత మన ఊళ్లలోనే దొరికింది. వినుకొండ, నంద్యాల, నల్లగొండ జిల్లా అక్కెనపల్లి, నాగార్జునకొండల్లో రోమన్ నాణేలు బయటపడ్డాయి. నాగార్జునకొండ లోయలో మెట్లమెట్లుగా కూర్చునే వీలున్న ఒక ప్రాంగణం కూడా దొరికింది. సాగర్ డ్యాం కట్టినప్పుడు దాన్ని అనుపు దగ్గరకు తరలించి తిరిగి నిర్మించారు. కొలోసియం మెట్ల మీద నిలబడినప్పుడు, అనుపు చూసిన తాతయ్య 'ఇలాంటిది చిన్నది మన దగ్గరా ఉందిరా' అని చెప్పగలరు. ఏ గైడూ ఈ మాట చెప్పడు.

బ్రిటన్‌లో ఉన్నవారికి ఇంకో సదుపాయం ఉంది. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ప్రవేశం ఉచితం. రోమ్ వెళ్లే ముందు ఒక శనివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. రోమ్‌లో పాంథియన్ కడుతున్న 2వ శతాబ్దంలోనే అమరావతిలో స్తూపాన్ని విస్తరించి, ఈ సున్నపురాతి పద్మాలు చెక్కుతున్నారని చెప్పండి. చరిత్ర అంటే వేరేవాళ్ల పాఠ్యపుస్తకంలో ఉండేదనే అభిప్రాయం పిల్లలకు పోతుంది.

ముందు కాగితాలు, తర్వాత కలలు

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారికి ఇటలీకి షార్ట్ ట్రిప్ వీసా అక్కర్లేదు. భారత పాస్‌పోర్టు ఉంటే షెంజెన్ వీసా తప్పదు. సాధారణంగా మనం చట్టబద్ధంగా నివసించే దేశం నుంచే దీనికి దరఖాస్తు చేయాలి. ఇక్కడే చాలామంది ఇబ్బందిలో పడతారు. అమ్మానాన్నలు విజిట్ వీసాపై లండన్‌కో డల్లాస్‌కో వచ్చేశాక 'ఇప్పుడు యూరప్ వీసా తీద్దాం' అంటే దరఖాస్తు తీసుకోకపోవచ్చు. వాళ్లు ఇండియాలో ఉండగానే వీసా వేయించుకుని బయల్దేరడం మేలు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కానీ ఆఖరి 15 రోజుల దాకా ఆగడం మంచిది కాదు. పరిశీలన ఒక్కోసారి 45 రోజులు పట్టొచ్చు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వారికి ఉచితం. సర్వీస్ చార్జీలు వేరే. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి.

ఒకే ఊరి ప్రయాణం ఇక్కడ కూడా కలిసొస్తుంది. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు ఇవ్వాలన్నది నిబంధన. ఆరు దేశాల ప్లాన్ అయితే ఏ దేశానికి ఇవ్వాలో తేల్చుకోవడానికే ఒక వారం పడుతుంది, ఆరు హోటల్ బుకింగులు చూపాలి. రోమ్ ఒక్కటే అయితే ఒక దేశం, ఒక బుకింగ్, రెండు విమాన టికెట్లు.

అమెరికాలో హెచ్-1బీపై ఉన్నవారు ఇంకో విషయం చూసుకోవాలి. ఐ-797 కాగితం చేతిలో ఉన్నా, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు దాటిపోతే యూరప్ నుంచి నేరుగా తిరిగి అమెరికాలోకి రాలేరు. విమాన టికెట్ కొనేముందే ఆ పేజీ తెరిచి తేదీ చూసుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పెద్దవాళ్ల బీపీ, షుగర్, గుండె జబ్బుల సంగతి దాచకుండా రాయండి. ప్రీమియం కొంచెం పెరుగుతుందని దాస్తే, అవసరం పడ్డప్పుడు క్లెయిమ్ ఇవ్వరు. మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీతో సహా.

రోజుకు ఒకే టికెట్

నేను గట్టిగా చెప్పే నియమం ఒక్కటే. టికెట్ కొని, టైం ప్రకారం వెళ్లాల్సిన చోటు రోజుకు ఒకటి మించకూడదు. అది పొద్దున్నే అయిపోవాలి. మధ్యాహ్నం గదికి వచ్చి భోజనం, విశ్రాంతి. సాయంత్రం ఎండ తగ్గాక ఊరికే వీధుల్లో తిరగడం. ఈ పద్ధతి రోమ్‌కు భలే సరిపోతుంది, ఎందుకంటే ఆ ఊళ్లో సగం అందం టికెట్ లేకుండానే చూడొచ్చు. నవోనా చౌరస్తాలో బెర్నినీ రూపొందించిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది. ఆ నాలుగు నదుల్లో గంగ ఒకటి. బామ్మకు ఆ విగ్రహాన్ని చూపించి 'ఇది గంగమ్మేనటే, కానీ మగరూపంలో చెక్కారు' అంటే అరగంట కబుర్లకు సరిపోతుంది. ట్రెవీ ఫౌంటెన్‌కు నీళ్లు తెచ్చే కాలువ క్రీస్తుపూర్వం 19లో అగ్రిప్ప కట్టించింది. పర్యాటకులు అందులో వేసే నాణేలు కారితాస్ అనే సేవా సంస్థ ద్వారా పేదలకు వెళ్తాయి.

టికెట్ ఉన్నవాటిలో మొదటిది కొలోసియం. క్రీస్తుశకం 80లో చక్రవర్తి టైటస్ దీన్ని ప్రారంభించాడు. సుమారు 50,000 మంది కూర్చునేవారు. బయటి వైపు కొన్ని తోరణాల మీద చెక్కిన రోమన్ అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి గేటు నంబర్లు. ఉప్పల్ స్టేడియంలో మనం గేటు నంబరు చూసుకుని వెళ్లినట్టే వాళ్లూ వెళ్లేవారు. ఆ అంకెలు వెతకమంటే పదేళ్ల పిల్లలు అరగంట ఫోన్ అడగరు. 18 ఏళ్ల లోపు వారికి ఏ దేశస్తులైనా ప్రవేశం ఉచితం. అయినా వాళ్ల పేరున కూడా టికెట్ తీసుకోవాలి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అనే మన పాత తంటా ఇక్కడా వస్తుంది, జాగ్రత్త. నడవలేని వారికి లోపల లిఫ్ట్ ఉంది. పక్కనే ఉన్న ఫోరం శిథిలాల్లో మాత్రం పాత బండరాళ్ల దారి, వీల్‌చైర్ కష్టం. జూలియస్ సీజర్‌ను దహనం చేసిన చోట ఇప్పటికీ ఎవరో ఒకరు పూలు పెట్టి వెళ్తుంటారు. అదొక్కటి చూపించి వెనక్కి తిరిగినా నష్టం లేదు.

పాంథియన్ నాకు అన్నింటికంటే ఇష్టం. చక్రవర్తి హేడ్రియన్ కాలంలో, సుమారు క్రీస్తుశకం 126లో పూర్తయింది. గోపురం అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి పైకి కూడా అంతే ఎత్తు. ఒక్క ఇనుప కమ్మీ లేకుండా కాంక్రీటుతో పోశారు. అడుగున బరువైన రాళ్లు కలిపి, పైకి వెళ్లేకొద్దీ తేలికైన రాళ్లు వాడుతూ, నడినెత్తిన గుండ్రని రంధ్రం వదిలేశారు. వాన పడితే లోపలికే పడుతుంది, నేలలోని చిన్న రంధ్రాల గుండా పోతుంది. మన నాన్నల్లో, మామయ్యల్లో పీడబ్ల్యూడీలో, ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు ఎంతమంది లేరు! వాళ్లను అక్కడ కూర్చోబెట్టి పావుగంట వదిలేయండి. ఆ తర్వాత వాళ్లే మనకు గైడ్లు అవుతారు.

వాటికన్‌లో సెయింట్ పీటర్స్ బసిలికాకు టికెట్ లేదు, తనిఖీ క్యూ మాత్రం ఉంటుంది. తిరుమల క్యూలు చూసినవాళ్లం, భయపడక్కర్లేదు, కానీ పొద్దున్నే వెళ్తే సుఖం. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీరకట్టుకున్న అమ్మమ్మను నవ్వుతూ లోపలికి పంపిస్తారు, నిక్కరేసుకున్న మనవడినే ఆపుతారు. మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. లోపల నడక చాలా ఎక్కువ. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా సిస్టీన్ చాపెల్ కప్పు మీద వేసిన చిత్రాలు చూడాలంటే ఆ నడక తప్పదు. వీల్‌చైర్ అడిగితే ఇస్తారు. 'నాకెందుకు కుర్చీ' అని నాన్న మొహమాటపడతారు. నాలుగు గంటలు కాళ్లు లాగి మిగతా మూడు రోజులు గదిలో పడుకోవడం కంటే కుర్చీయే గౌరవం అని ఇంట్లోనే నచ్చజెప్పి తీసుకెళ్లండి.

సమయం ఎంచుకోవడం కూడా ముఖ్యమే. బడి సెలవులని జూలై, ఆగస్టుల్లో వెళ్తాం. అప్పుడు రోమ్‌లో 35 డిగ్రీలు దాటే రోజులు మామూలే, ఆగస్టు 15 చుట్టూ చిన్న దుకాణాలు చాలావరకు మూతపడతాయి. బ్రిటన్‌లో ఉన్నవారికి అక్టోబరు హాఫ్ టర్మ్ సెలవులు మంచివి. ఎండ ఉంటుంది, మంట ఉండదు. ఏ కాలమైనా వీధి వీధికీ 'నసోనే' అనే ఇనుప కుళాయిలున్నాయి, ఊరంతా కలిపి దాదాపు 2,500. నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉంటాయి. గొట్టం చివర వేలు అడ్డం పెడితే పైనున్న చిల్లు నుంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. సీసా నీళ్ల కోసం యూరోలు పోయడం దేనికి?

అన్నం సంగతి

పెద్దవాళ్లతో ప్రయాణంలో సగం గొడవలు తిండి దగ్గరే. రోమ్‌లో హోటళ్లు రాత్రి భోజనం మొదలుపెట్టేది ఏడున్నర ప్రాంతంలో. ఏడింటికల్లా తిని షుగర్ మాత్ర వేసుకునే మనిషికి ఇది కుదరదు. అందుకే హోటల్ గది కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ నయం. లిఫ్ట్ ఉందో లేదో మాత్రం బుకింగ్‌కు ముందే అడగాలి, పాత భవనాలు కాబట్టి చాలాచోట్ల ఉండదు. టెర్మిని స్టేషన్ దగ్గర ఎస్క్విలినో మార్కెట్‌లో బియ్యం, కందిపప్పు, కొత్తిమీర, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు తెచ్చుకోండి. ఈయూ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. కాబట్టి నెయ్యి సీసా, కోవా, పచ్చి కరివేపాకు ఇంట్లోనే వదిలేయాలి. పెరుగు అక్కడి ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఉంటుంది.

అలాగని ఐదు రోజులూ పప్పుచారే తినమని కాదు. 'అరబ్బియాతా' అనే పాస్తా రోమ్ వంటకమే. టమోటా, వెల్లుల్లి, ఎండుమిర్చితో చేస్తారు. ఆ పేరుకు అర్థం 'కోపంతో ఉన్నది' అని. గుంటూరు వాళ్లకు ఆ కోపం చిరాకు పాటిదే, అయినా నోటికి హాయిగా ఉంటుంది. ఇందులో తమాషా ఏమిటంటే టమోటా, మిరప రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. సీజర్ టమోటా ఎరుగడు, శాతవాహనులు మిరపకాయ ఎరుగరు. రోమన్లు బంగారం పోసి కొన్నది మన దక్షిణాది మిరియాలు. శాకాహారులు కార్బొనారా, అమాత్రిచానా అనే పేర్లు గుర్తుపెట్టుకోవాలి, రెండింట్లోనూ పంది మాంసం ఉంటుంది. పెకొరినో చీజ్ తయారీలో గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. నిష్ఠగా ఉండేవారికి చీజ్ లేని 'మరినారా' పిజ్జా ఉంది. 'సెంజా కార్నే, సెంజా పేషే' అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. ఈ నాలుగు మాటలు అమ్మకు నేర్పితే ఆవిడే ఆర్డర్ ఇస్తుంది. తెలుగులాగే ఇటాలియన్ మాటలు కూడా ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి మన నాలుకకు సులువు.

పిల్లలు తెలుగులో చెప్పాలి

ఇదంతా సదుపాయాల మాట. అసలు మాట వేరే ఉంది. మన ఇళ్లలో తాతమనవళ్ల మధ్య సంభాషణ రోజురోజుకూ చిక్కిపోతోంది. 'తిన్నావా, బడికెళ్లావా, బాగా చదువుకో' దాటి ముందుకు పోవడం లేదు. పిల్లలకు తెలుగు రాదని పెద్దలకు బెంగ, పెద్దలతో ఏం మాట్లాడాలో పిల్లలకు తెలియదు. ఆరు నెలలు ఒకే ఇంట్లో ఉన్నా ఒకరికొకరు సగం తెలిసినవాళ్లుగానే విడిపోతారు.

చారిత్రక నగరం ఇక్కడ పనికొస్తుంది. వెళ్లేముందు ఒక్కో పిల్లకు ఒక్కో కట్టడం అప్పగించండి. పెద్దమ్మాయికి కొలోసియం, చిన్నాడికి కుళాయిలు. బడి లైబ్రరీలో చదువుకుని, అక్కడికి వెళ్లాక తాతయ్యకూ నాయనమ్మకూ వాళ్లే చెప్పాలి. తెలుగులో చెప్పాలి. వచ్చినంత తెలుగులో, రానిచోట ఇంగ్లిష్ కలిపి, చేతులూపుతూ. 'తాతా, ఇక్కడ లయన్స్‌ని కింద నుంచి పైకి లాగేవాళ్లు' అని చెప్పినా చాలు. ఆయన 'సింహాలు అనాలి' అని దిద్దుతారు. అలా ఒక్క మాట నేర్చుకుంటే అది బడిలో నేర్చిన పది మాటలకంటే ఎక్కువ కాలం ఉంటుంది, ఎందుకంటే ఆ మాటతో పాటు ఆ చోటూ, ఆ మనిషీ గుర్తుంటారు. బదులుగా పెద్దలు ఏదో ఒకటి చెప్పాలి. వాళ్ల ఊరి కోట, చెరువు, గుడి గోపురం, నాగార్జునసాగర్ కట్టేటప్పుడు విన్న కబుర్లు. ఒక ముసలి ఊరిని చూసినప్పుడు పెద్దవాళ్లకు తమ పాత ఊరు గుర్తొస్తుంది. ఆ జ్ఞాపకాన్ని బయటకు రానిచ్చేంత సమయం మాత్రం మన టైంటేబుల్‌లో ఉండాలి.

అది ఉండాలంటే ఖాళీ గంటలు కావాలి. మెట్ల మీద ఊరికే కూర్చునే గంటలు. స్పానిష్ మెట్ల మీద మాత్రం కాదు, అక్కడ కూర్చోవడం 2019 నుంచి నిషేధం, జరిమానా వేస్తారు. ఏ చౌరస్తాలోనైనా బెంచీ ఉంటుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, నాలుగు జెలాటోలు. మనం ఆ గంటసేపు పక్కకు తప్పుకోవాలి, ఫొటో కూడా తీయకుండా. యాత్ర మొత్తంలో అంత విలువైన గంట ఇంకోటి ఉండకపోవచ్చు.

రోమ్ ఒక ఉదాహరణ మాత్రమే. గల్ఫ్‌లో ఉన్నవారికి ఇస్తాంబుల్ దగ్గర. అక్కడ 537లో పూర్తయిన హగియా సోఫియా ఉంది. మలేషియా, సింగపూర్‌లలో ఉన్నవారు విష్ణ్వాలయంగా మొదలైన ఆంగ్కోర్ వాట్‌కు వెళ్లొచ్చు. ఏ ఊరైనా సూత్రం ఒకటే. ఒక ఊరు, ఒక ఇల్లు, రోజుకు ఒక టికెట్, నెమ్మదిగా నడిచే మనిషి అడుగు మన అడుగు.

ఖర్చు గురించి ఒక మాట. పెద్దవాళ్లు ప్రతి యూరోనూ రూపాయల్లోకి మార్చుకుని బాధపడతారు. 'కాఫీకి ఇంతా?' అని తాగడం మానేస్తారు. వీలైనవన్నీ ముందే కట్టేయండి, బిల్లు వాళ్ల కంట పడనీయకండి. ఐదు ఊళ్లు మానుకుంటే మిగిలే రైలు టికెట్ల డబ్బుతో లిఫ్ట్ ఉన్న మంచి అపార్ట్‌మెంట్ వస్తుంది, అలసిపోయినప్పుడు ట్యాక్సీ వస్తుంది. డబ్బును మోకాళ్ల మీద ఖర్చు పెట్టండి, పాస్‌పోర్టు ముద్రల మీద కాదు.

వచ్చే సెలవులకు ఇప్పటి నుంచే ప్లాన్ వేస్తున్నవాళ్లు ఈ ఆదివారం ఇండియాకు ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నల్ని రెండు ప్రశ్నలు అడగండి. ఆగకుండా ఎంత దూరం నడవగలరు? చిన్నప్పటి నుంచి పేరు విని, చూడాలనుకున్న ఊరు ఏది? ఆ రెండు జవాబులు కాగితం మీద రాసుకున్నాకే విమాన టికెట్ల ధరలు చూడండి.